పెద్దాయన పక్కన ఎనిమిది రోజులు

లెక్కల టీచరమ్మ గోడగడియారాన్ని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని మూడోసారి గడియారాలు బాగుచేసే కొట్టు మెట్లెక్కేసరికి, వెనక బల్ల దగ్గర కూర్చున్న కోడలి చేతిలోంచి పట్టకారు జారి పళ్ళచక్రాల గిన్నెలో పడింది. మొదటిసారి టీచరమ్మ నవ్వుతూ వచ్చింది. రెండోసారి నవ్వకుండా వచ్చింది. ఈసారి చంకలో నోటుపుస్తకంతో సహా వచ్చింది.

"రోజుకు ముప్ఫై సెకండ్లు వెనకబడుతోంది. నిన్న ముప్ఫై ఒకటి. పదహారు రోజులు వరసగా రాశాను, కావాలంటే చూసుకోండి," అంది గడియారాన్ని బల్ల మీద పడుకోబెడుతూ.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న మామగారు కంటికున్న భూతద్దం తీయలేదు. "మా దగ్గర ఎనిమిది రోజులు సెకండు తేడా లేకుండా నడిచింది. మీ ఇంట్లో నడవడం లేదంటే లోపం ఎక్కడున్నట్టు టీచర్‌గారూ?"

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన అంటున్న మాటే అది. ఆ మాట విన్నవాళ్ళు సాధారణంగా గతుక్కుమని, ఇంటికి వెళ్ళి తమ గోడల్ని అనుమానంగా చూసుకునేవారు. ఎదురువీధి టైలరైతే పాపం గోడకు కొత్తగా గచ్చు కూడా చేయించాడు. ఆదివారం ఆదివారం కీ ఇచ్చేటప్పుడు పెద్దముల్లును వేలితో కాస్త నెట్టుకుని, గడియారం అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని సరిపెట్టుకునేవారు మిగతావాళ్ళు. ఊళ్ళో ఆయన్ని అందరూ 'కరెక్టుగారు' అనే పిలిచేవారు, అదీ ఆయన ఎదురుగానే. ఆయనకూ ఆ పిలుపు ఇష్టమే.

టీచరమ్మ మాత్రం గతుక్కుమనే రకం కాదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి.

ఆ కొట్టు పద్ధతి ఒకటుంది, అది ముందు చెప్పాలి. కొట్టు వెనకగోడకు రెండు కొక్కేల మీద ఒక పొడవాటి చెక్క వేలాడుతుంది. గోడ సున్నం మెత్తగా ఉండి మేకులు నిలవకపోతే, మామగారికి పని నేర్పిన గురువుగారు చేసిన ఏర్పాటు అది. ఆ చెక్కకు ఎడమపక్కన గురువుగారి గడియారం ఉంటుంది. బరువైన ఇత్తడి లోలకం, రేడియోలో టైము చెప్పే కూతతో పోల్చినా వారానికి సెకండు తేడా రాదు. దాన్ని ఇంటిల్లిపాదీ 'పెద్దాయన' అంటారు. బాగుచేసిన ఏ గడియారమైనా పెద్దాయన పక్కన అదే చెక్కకు తగిలించి, రెండూ కలిసి నడిచేదాకా లోలకం కింద నడకను సర్దే మర తిప్పాలి. కలిశాక ఎనిమిది రోజులు వదిలేయాలి. తేడా రాకపోతే నెగ్గినట్టే. ఊళ్ళోని గోడగడియారాలు చాలావరకు ఒకే ఫ్యాక్టరీ సరుకు, వాటి లోలకాల పొడవూ పెద్దాయనదీ ఒకటే, కాబట్టి పోల్చడం తేలిక. చివరిమాట మాత్రం కిటికీ కుర్చీలో కూర్చున్నవాళ్ళది.

ఆ కుర్చీ కోడలికి కావాలి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, చాలా కావాలి. ఏడేళ్ళు వెనకబల్ల దగ్గర దీపం కింద కూర్చుని అద్దాలు తుడిచింది, చక్రాలు కిరోసిన్‌లో కడిగింది, సూదిమొనతో నూనెచుక్క పెట్టడం నేర్చుకుంది. మూడు నెలల క్రితం మామగారు ఉన్నట్టుండి టీచరమ్మ గడియారాన్ని ఆవిడ ముందు పెట్టి, "మొదటినుంచి చివరిదాకా నువ్వే చెయ్యమ్మా. రెండు నెలలు తిరిగి రాకపోతే ఈ కుర్చీ నీది. మూడుసార్లు తిరిగొస్తే మాత్రం మళ్ళీ అద్దాల దగ్గర్నుంచి మొదలు," అన్నారు. ఇప్పుడు మూడోసారి తిరిగొచ్చింది.

"మామయ్యగారూ, పోయినసారి నేనే వాళ్ళింటికి తూకపుదారం పట్టుకెళ్ళి చూశాను. గోడ నిట్టనిలువుగా ఉంది," అంది కోడలు.

"అయితే నోటుపుస్తకం ఒంకర," అన్నారు మామగారు.

"ఏమన్నారూ?" టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఆ సర్దుకోవడంలో ముప్ఫై ఏళ్ళ క్లాసురూము ఉంది. మామగారు భూతద్దం తీసేశారు.

"అది కాదు టీచర్‌గారూ. బాగుందని నేనంటున్నాను, బాలేదని మీరంటున్నారు. రెంట్లో ఒకటి అబద్ధం అవ్వాలిగా? నేను అబద్ధం ఆడను."

"నేనూ ఆడను."

"అదే వచ్చిన చిక్కు."

"చిక్కేముందండీ, ఇదే అసలు మజా!" టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "మా క్లాసులో ఒక్కోసారి ఇద్దరు పిల్లలు ఒకే లెక్కకు రెండు జవాబులు తెచ్చేవాళ్ళు. ఇద్దరిచేతా బోర్డు మీద చేయించేదాన్ని. ఒకళ్ళది ఎక్కడో కూడిక తప్పుంటే గోల వదిలేది. కానీ ఒక్కోసారి ఇద్దరూ ఎక్కడా తప్పు చేసుండరు. అప్పుడు నాకు భలే సరదాగా ఉండేది. ఇద్దరిదీ నిజమైతే, ఇద్దరూ అడక్కుండానే నమ్మేసిన మూడోది ఏదో తప్పయ్యుంటుంది. దాన్ని పట్టుకున్నామంటే కొత్త పాఠం దొరికినట్టే."

"గడియారాలకు పాఠాలు అక్కర్లేదండీ, నూనె చాలు," అన్నారు మామగారు.

కోడలికి మాత్రం ఆ మాట బుర్రలో దిగబడిపోయింది. ఈ నెలంతా ఆవిడ తనలో తను రెండు ముక్కలై చస్తోంది. మామగారిని నమ్మితే టీచరమ్మను అనుమానించాలి, టీచరమ్మను నమ్మితే తన చేతిపనిని అనుమానించాలి. ఇద్దర్నీ నమ్మొచ్చని ఎవరూ చెప్పలేదు. "మామయ్యగారూ, ఎనిమిది రోజులు ఇవ్వండి. అప్పటికీ తేలకపోతే అద్దాలు తుడుస్తాను," అంది.

మామగారు టీచరమ్మ వంక చూశారు. టీచరమ్మ పైకప్పు వంక చూసింది. "సరే," అన్నారాయన. తరవాత ఎప్పటిలాగే కిటికీకేసి తిరిగి, "ఈ కుర్చీ దగ్గర వెలుతురు రోజురోజుకీ చాలకుండా పోతోంది. అద్దం తుడవండి ఎవరైనా," అని విసుక్కున్నారు. అద్దం పొద్దున్నే తుడిచి ఉంది.

ఆ సాయంత్రం కోడలు ఒక కాగితం మీద, తామంతా అడక్కుండా నమ్ముతున్నవన్నీ వరసగా రాసింది. రేడియో కూత సరైనది. టీచరమ్మకు కూడికలొచ్చు. పెద్దాయన సరిగ్గా నడుస్తున్నాడు. రిక్షాలో మోసుకెళ్ళినప్పుడు గడియారం కుదుపుకు పాడవదు. వాళ్ళింట్లో చలి, వేడి మన ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. రాసినవన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు. చివరి రెండూ ఒకేసారి తేల్చేయడానికి ఆవిడ గడియారాన్ని ఎక్కడికీ మోయలేదు. కొట్టుకు వెనకే ఉన్న వంటింట్లో, మేకు దిగే గట్టిగోడ చూసి తగిలించింది.

వంటింట్లో గడియారం చూసి ఆవిడ భర్త హడలిపోయాడు. ఆయన సిటీబస్సు డ్రైవరు. గడియారాల ఇంట్లో పుట్టి చేతికి వాచీ కూడా పెట్టుకోని మనిషి. "ఇక్కడా మొదలెట్టావా? నాకెందుకే టైము, జనం తిట్టడం మొదలెడితే లేటయినట్టు, ఊరుకుంటే టైముకున్నట్టు," అన్నాడు.

"మీ జనం ముప్ఫై సెకండ్లకు తిడతారా?"

"ముప్ఫై నిమిషాలకు తిడతారు."

"అయితే మీరు తప్పుకోండి, పొయ్యికి అడ్డం."

మూడు రోజులయ్యేసరికి వంటింటి గడియారం నిమిషమున్నర వెనకబడింది. లెక్క నోటుపుస్తకంలో ఉన్నట్టే ఉంది, రోజుకు ముప్ఫై. ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్ళు. కోడలు గరిటె పట్టుకుని వంటింట్లో గిరగిరా రెండు చుట్లు తిరిగింది. టీచరమ్మ గోడ తప్పు కాదు, రిక్షా తప్పు కాదు, నోటుపుస్తకం తప్పు అసలే కాదు. తన ఇంట్లోనే, ఇరవై అడుగుల దూరంలో, అదే గడియారం అక్కడ సరిగ్గా, ఇక్కడ వెనగ్గా నడుస్తోంది. ఇంతకన్నా చక్కటి తగువు ఎక్కడ దొరుకుతుంది?

"వంటింటి ఆవిరి," అన్నారు మామగారు కంచం మీదినుంచి తలెత్తకుండా.

నాలుగోరోజు పొద్దున్న గడియారాన్ని మళ్ళీ చెక్కకు తగిలించింది. మర ముట్టుకోలేదు. సాయంత్రానికి అది పెద్దాయనతో పాటే బుద్ధిగా నడుస్తోంది. ఐదోరోజూ అంతే. ఆరోరోజు మధ్యాహ్నం, మామగారు భోజనానికి లేచాక, కోడలు స్టూలు వేసుకుని చెక్క ఎదురుగా కూర్చుంది. చేసేందుకు ఏమీ తోచక, ఊరికే చూసింది. ఏడేళ్ళలో ఆ చెక్కను తుడిచింది, దించింది, ఎక్కించింది గానీ ఊరికే కూర్చుని చూడలేదు.

చూడగా చూడగా ఒక సంగతి కంటపడింది. పెద్దాయన లోలకం ఎడమకు వెళ్ళినప్పుడల్లా టీచరమ్మ గడియారం లోలకం కుడికి వెళుతోంది. ఆయన కుడికొస్తే ఇది ఎడమకు. ఎప్పుడూ ఎదురే. అయినా టిక్కుమనడం మాత్రం ఒక్కసారే.

ముందు ఆవిడకు నవ్వొచ్చింది. అచ్చం మామగారూ తనూ. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. తను తగిలించేటప్పుడు ఎటు ఊపి వదిలిందో ఎవరికి గుర్తు? మరి సరిగ్గా ఎదురుబొదురుగా ఎలా కుదిరింది?

లేచి టీచరమ్మ గడియారం లోలకాన్ని, రెంట్లోనూ బరువులో చిన్నదాన్ని, వేలితో ఆపింది. పెద్దాయనతో జంటగా ఒకేపక్కకు ఊగేలా చూసి వదిలింది. మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంటే, పెట్టే చోటు లేక చెక్క పైఅంచు మీదే పెట్టి కూర్చుంది. గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. రెండు లోలకాలూ ఒకేపక్కకు తూగుతుంటే కొక్కేల మీది చెక్క కూడా వెంట్రుకవాసి అటూఇటూ కదులుతోంది. పావుగంటకు చిన్నది కాస్త జంట తప్పింది. అరగంటకు ఇంకొంచెం. కోడలు అన్నం మాట మరిచిపోయింది. గంట దాటాక చిన్నది పూర్తిగా ఎదురు తిరిగింది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి.

కాగితం మీద రాయని సంగతి అదే. రాయాలని కూడా తోచనంత మామూలు సంగతి. పక్కన ఏమున్నా గడియారం తన నడక తను నడుస్తుందని అందరూ నమ్మారు. పెద్దాయన పరీక్ష పెట్టడం లేదు. చెక్క ద్వారా చెయ్యి పట్టుకుని తన వెంట నడిపిస్తున్నాడు. నడిపించి, నువ్వు నెగ్గావని తానే చెప్పి పంపేస్తున్నాడు. ఇంటికెళ్ళాక చెయ్యి పట్టుకునేవాళ్ళుండరు.

ఆవిడకు ఒళ్ళు జలదరించింది, సంతోషంతోనే. ఆ సంతోషం ఇంకా పూర్తిగా దిగకముందే ఇంకో ఆలోచన వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఎన్ని గడియారాలు?

భోజనం, కునుకు ముగించుకుని వచ్చిన మామగారితో చెప్పింది. గ్లాసు చూపించింది. ఆయన నిలబడే విన్నారు.

"గురువుగారు పెట్టిన చెక్క అది," అన్నారు.

"చెక్క మంచిదే మామయ్యగారూ. అందుకే ఇంత బాగా నడిపిస్తోంది."

"నీ గడియారం ఒక్కటే బలహీనమైంది కావచ్చు."

"అయితే మీరు చేసినదాన్ని పెట్టి చూద్దాం. టైలర్‌గారిది నెగ్గేసింది కదా, ఎల్లుండి పట్టుకెళతారు."

మామగారి ముక్కు ఎర్రబడింది. "నా పనికి పరీక్షా?" అని విసవిసా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కోడలు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తన గడియారాన్ని తను తీసుకెళ్ళి వంటింటి గోడకు తగిలించి, ఈసారి అక్కడే, ఒంటరిగా, రేడియోతో పోల్చుకుంటూ మర తిప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే టీ పెట్టడానికి వంటింట్లోకి వెళితే రెండో గోడ మీద టైలర్ గడియారం కనిపించింది. దానికెదురుగా మామగారు, చెవికి రేడియో ఆనించుకుని.

"ఆవిరి పడుతుందేమోనని చూస్తున్నాను," అన్నారు.

"చూడండి," అంది కోడలు, నవ్వు పళ్ళబిగువున ఆపుకుని.

టైలర్ గడియారం ఆ రోజు ఇరవై సెకండ్లు ముందుకు పోయింది. మర్నాడు మరో ఇరవై. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు వేయడం కోడలు మరిచిపోయింది. మామగారు ఒక్క మాట అనకుండా తిని లేచారు. "నాన్నకు ఒంట్లో బాగుందా?" అని బస్సు డ్రైవరు గుసగుసగా అడిగాడు. కోడలికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను గెలిస్తే ఆయన ఓడిపోతారని ముందు తట్టలేదు. తట్టి ఉంటే గ్లాసు చెక్క మీద పెట్టేదా? పెట్టేదేలే, అనుకుంది. అలా అనుకున్నందుకు మరికాస్త బాధపడింది.

నాలుగింటికి టైలర్ ఈల వేసుకుంటూ వచ్చాడు. "కరెక్టుగారూ, నా గడియారం నెగ్గిందటగా?"

కొట్టంతా టిక్కుటిక్కుమంటోంది. మామగారు భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకో ఎనిమిది రోజులు ఆగాలయ్యా. వేరే గోడ మీద చూడాలి."

"మొన్న బాగుందన్నారు?"

"అన్నాను." ఆయన గొంతు సవరించుకున్నారు. "తప్పు చెప్పాను."

ఆ కొట్టులో ఆ మాట అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. కోడలు చేతిలోని చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"మరి నా గోడ?" అన్నాడు టైలర్ చివరికి. "గచ్చు చేయించానండీ!"

"నీ గోడ బంగారం లాంటిది. నాదే ఒంకర." మామగారు కోడలి వైపు తిరిగారు. "అమ్మాయ్, తప్పు అనడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది నాకు. రోజుకు ఎన్ని సెకండ్లు లేటో లెక్క కట్టు."

ముందు టైలరే నవ్వాడు. తరవాత కోడలు. ఆ తరవాత మామగారు నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ వారమంతా ఆయన వీధివీధీ తిరిగారు. తలుపు తట్టడం, "మీ గోడకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను," అనడం, లోలకం కింద మర తిప్పడం. బేకరీ ఆయన కేకు ముక్క పెట్టి మరీ తిప్పించుకున్నాడు.

చెక్కను పీకేస్తానన్నారు గానీ కోడలు ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి. ఏ గడియారమైనా ముందు ఒంటరి గోడ మీద ఎనిమిది రోజులు. తరవాత కావాలంటే పెద్దాయన దగ్గరికి వెళ్ళి కాసేపు ఊగి వస్తుంది," అంది. వంటింటి గోడ ఖాళీ చేయమని మాత్రం డ్రైవరు గట్టిగా పట్టుబట్టాడు. కొట్టులోనే ఒకచోట సున్నం గీకి, ఇటుక దాకా మేకు దించారు.

టీచరమ్మ గడియారం ఆవిడింటికి వెళ్ళి రెండు నెలలైంది. ఆ రోజు మామగారు పొద్దున్నుంచీ మెట్లవైపే చూస్తున్నారు. ఆవిడ పదిన్నరకు వచ్చింది. చేతుల్లో గడియారం లేదు. నోటుపుస్తకం ఒక్కటే ఉంది.

మామగారు పుస్తకం అందుకుని వేలితో వరసంతా దిగుతూ చదివారు. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. ఒకచోట వేలు ఆగింది. "ఇక్కడ రెండు సెకండ్లేమిటి?"

"ఆ రోజు నాకు జలుబు. రేడియో దగ్గరికి వెళ్ళేసరికి తుమ్మొచ్చింది," అంది టీచరమ్మ.

"చూశావా అమ్మాయ్, లోపం వాళ్ళింట్లోనే ఉంది," అన్నారు మామగారు తృప్తిగా.

టీచరమ్మ వెళ్ళాక ఆయన కాసేపు కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. తరవాత లేచి, తన భూతద్దం, నూనెసూది, టీ గ్లాసు ఒక్కొక్కటిగా తీసుకెళ్ళి వెనకబల్ల మీద, దీపం కింద పెట్టుకున్నారు. కోడలి స్టూలును కాలితో పక్కకు జరిపి కూర్చున్నారు.

"ఏమైంది మామయ్యగారూ?"

"ఆ కిటికీ దగ్గర వెలుతురు మరీ ఎక్కువైపోయిందమ్మా. కళ్ళు మండుతున్నాయి. నువ్వే ఎలాగో సర్దుకో," అన్నారు, తల వంచి చక్రాలు ఏరుకుంటూ.

అదే కుర్చీ దగ్గర వెలుతురు చాలడం లేదని ఆయన ఆ పొద్దున్నే విసుక్కున్నారు. కోడలు ఆ మాట ఎత్తలేదు. మామగారు అబద్ధం ఆడరు. రెండు మాటలూ నిజమే అయ్యుంటాయి.

ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. వెలుతురు సరిగ్గా సరిపోయింది.